ఆపరేటరమ్మ మైనస్ తొమ్మిది

ఉదయం ఏడున్నరకి ఆపరేటరమ్మ మెట్లెక్కి వచ్చేసరికి అన్నయ్య ఇంటి ముందుగదిలో కట్టింగ్ బల్ల ఖాళీగా ఉంది. ముప్పై ఐదేళ్ళుగా గుడ్డల కింద కనపడకుండా పోయిన ఆ బల్ల మీద ఇప్పుడు కీబోర్డు ఒక్కటే ఉంది. అన్నయ్య కుర్చీలో కూచుని, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒక్కో వేలూ ముడిచి విప్పుతున్నాడు.

"ఎట్లా ఉందన్నయ్యా?" అంది ఆమె, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీస్తూ.

"చిటికెనవేలు నాదే. మిగతావి ఎవరివో" అన్నాడు.

ఆ వీధిలో అతన్ని అందరూ మాస్టరు అంటారు. టైలరు. కత్తెర పట్టీ పట్టీ మణికట్టు దగ్గర నరం నలిగిపోయింది. ఈ రోజు మధ్యాహ్నం ఆపరేషను. పదకొండు గంటలకి టాక్సీ చెప్పారు. ఆరు వారాలు కట్టు, ఆ తర్వాత వేళ్ళు పాతలా ఆడతాయా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" మాస్టరుకి నచ్చలేదు. ఎందుకంటే బట్టలు ఆలస్యమైనప్పుడు తనూ అదే మాట వాడతాడు.

బట్టల సంగతి ఎట్లా ఉన్నా ఎల్లుండి ఆదివారం నాటకం ఉంది. బస్సు డిపో ఉద్యోగుల నాటక బృందానికి మాస్టరు ఇరవై ఏళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాడు. ఇన్నేళ్ళూ వాయించినవి ఇంకెవరో కట్టిన వరసలు. ఈసారి మొదటిసారిగా అయిదు వరసలు సొంతంగా కట్టాడు, మొత్తం పద్నాలుగు నిమిషాల సంగీతం. కాజాలు కుడుతూ ఒకటి, ఇస్త్రీ చేస్తూ ఒకటి, అట్లా ఏడాది పట్టింది. కాగితం మీద ఒక్క స్వరం కూడా లేదు, అంతా అతని వేళ్ళలోనే ఉంది. ఆ వేళ్ళు పదకొండింటికి టాక్సీ ఎక్కుతాయి. ఆ లోపల రికార్డు కాకపోతే నాటకం రాసిన డిపో టైమ్‌కీపరు ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకున్న ఎక్కడివో పాత ముక్కలు మోగిస్తాడు.

"నేను చూసుకుంటా" అని పోయిన ఆదివారం మాట ఇచ్చింది ఆపరేటరమ్మ.

ఆ పేరు పత్రికాఫీసు పెట్టింది. ఇరవై మూడో ఏట టైపిస్టుగా చేరి, ఇరవై ఆరేళ్ళు అక్కడే పని చేసింది. చివరి పద్దెనిమిదేళ్ళూ పేజీలు ప్రెస్సుకి పంపే కంప్యూటర్ల దగ్గర. సబ్ ఎడిటర్లు పేజీ పూర్తి చేసి ఆమె వైపు చెయ్యి ఊపేవారు, ఆమె పంపేది. పంపే ప్రోగ్రామ్ రోజుకి రెండుసార్లైనా బిగుసుకుపోయేది. ప్రెస్సువాళ్ళు ఆగరు, వ్యాను ఆగదు. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. కిల్ అని కొట్టి, పక్కన మైనస్ తొమ్మిది కొట్టడం. అది ప్రోగ్రామ్‌ని మాటా మంతీ లేకుండా నేలకూలుస్తుంది. వెంటనే మళ్ళీ మొదలుపెట్టి పేజీ మళ్ళీ పంపడం. పేజీ ఎలాగూ డిస్కు మీద భద్రంగా ఉంటుంది, మోసేవాడు పడిపోయినా మూటకేం కాదు. నాలుగు సెకన్లలో చేసేది. కొత్తగా చేరినవాళ్ళు ఆమె వెనక నిలబడి చూసి నేర్చుకునేవారు. కాంటీన్‌లో టీ ఆలస్యమైతే "ఆపరేటరమ్మకి చెప్పండి, మైనస్ తొమ్మిది కొడుతుంది" అని జోకులు. ఆఫీసు కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారినప్పుడు ఆమె బయటికి వచ్చేసింది. ఇప్పుడు రెండు వీధుల అవతల ఉంటోంది. చుట్టుపక్కల ఏ ఇంట్లో కంప్యూటర్ మొరాయించినా ఆమెకే కబురు వస్తుంది.

వదిన కాఫీ గ్లాసులతో వచ్చింది. వదిన అంటే మాస్టరు భార్య. ఈ ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు, ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే ఎవరు ఎవరో మాస్టరుకే తెలియదు. కాజాలూ గుండీలూ అంచులూ ఆవిడ పని. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకు ఎవరూ షాపుకి రాలేదు.

"వదినా, నాకు తెలీక అడుగుతాను. ఫోన్‌లో రికార్డు చేస్తే అయిపోయేదానికి ఈ వైర్లన్నీ ఎందుకు?" అంది వదిన.

జవాబు మాస్టరే చెప్పాడు. "ఫోన్‌లో పట్టేది కుట్టేసిన చొక్కా. బిగుతైతే చేసేదేం లేదు. ఇది కొలతలు రాసుకుంటుంది. ఏ మెట్టు నొక్కాను, ఎంత గట్టిగా, ఎంతసేపు. దాన్నే మిడి అంటారు. ఆ కొలతలు పెట్టి ఒక సైజు తక్కువ కుట్టుకోవచ్చు, ఒక సైజు ఎక్కువా కుట్టుకోవచ్చు."

"తక్కువ ఎవరికి?"

"పాడే కండక్టరమ్మకి. గొంతు పట్టేసింది. ఆదివారానికి ఏ శ్రుతిలో తేలుతుందో ఆవిడకే తెలీదు."

ఆపరేటరమ్మ అతని కోసం ఒక షెల్ స్క్రిప్ట్ రాసింది. కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే ఆదేశాలన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టడమే స్క్రిప్ట్. మాస్టరు దాన్ని చీటీ అంటాడు. అతను చీటీ రాసి పడేస్తే కుట్టేవాడు దాన్నిబట్టి చేసుకుపోయినట్టే ఇదీ. కీబోర్డుని వెతుకు, రికార్డింగ్ మొదలుపెట్టు, ఎంటర్ నొక్కగానే ఆపు, తిరిగి వినిపించు. పోయిన ఆదివారం ఇక్కడే కూచుని ఒక్కో ఆదేశమూ చేత్తో కొట్టి చూసింది. అన్నీ పనిచేశాయి. ఇంటికి వెళ్ళి వాటిని చీటీగా రాసింది. ఇంట్లో కీబోర్డు లేదు కాబట్టి మొత్తం చీటీని ఒకసారి నడిపించి చూడలేదు. నాలుగు ఆదేశాల చీటీకి పరీక్షేంటి అనుకుంది.

"నాకున్నది పది నిమిషాల చెయ్యి. గట్టిగా పట్టుకుంటే పదిహేను. తిమ్మిరెక్కితే మళ్ళీ అరగంట దాకా రాదు. మధ్యలో ఆపితే బిగుసుకుంటుంది. అయిదూ ఒకే ఊపులో వాయించేస్తా" అన్నాడు మాస్టరు.

ఆమె చిన్న స్పీకరు తగిలించింది. తర్వాత కీబోర్డు వైరు తగిలించింది. ఎంటర్ నొక్కింది. తెర మీద పెద్ద అక్షరాలతో "రికార్డు అవుతోంది" అని వచ్చింది.

మాస్టరు వాయించాడు.

నాటకం బయల్దేరని బస్సు గురించి. జనం ఎక్కి కూచున్నారు, బస్సు కదలదు. మొదటి వరస ఎదురుచూపు. రెండోది డ్రైవరు రాక. మూడోది తగువు. నాలుగోది పరుగు. అయిదోది బస్సు కదలడం. వదిన గుమ్మంలో నిలబడి గ్లాసు చేత్తో పట్టుకునే ఉండిపోయింది. ఏడాదిగా ముక్కలు ముక్కలుగా విన్నది ఇప్పుడు వరసగా వింటోంది. నాలుగోదానిలో మాస్టరు కుడి చెయ్యి మెట్ల మీద ఉరికింది. అయిదో వరస చివర అతని పెదాలు బిగుసుకున్నాయి కానీ వేళ్ళు ఆగలేదు. అయిపోయింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆపరేటరమ్మ ఎంటర్ నొక్కింది. ఏమీ వినిపించలేదు.

ఫోల్డరు తెరిచింది. ఫైలే లేదు.

"ఏమైంది?" అన్నాడు మాస్టరు.

"ఒక్క నిమిషం."

"రికార్డు అవుతోందని పడింది కదా వదినా, ఎవరు చెప్పినట్టు?" అంది వదిన.

"నేనే రాశాను, ఆ మాట తెర మీద వెయ్యమని."

"అయితే రికార్డు అయినా కాకపోయినా అదే అంటుందా?"

ఆపరేటరమ్మ మెడ వెనక వేడెక్కింది. ఆఫీసులో సబ్ ఎడిటర్లు తెర మీద ఏ ఇంగ్లీషు వాక్యం కనపడినా కంగారుపడి కుర్చీల్లోంచి లేచేవారు. అందుకని తప్పుల సందేశాలన్నీ తెర మీదికి రాకుండా చెత్తబుట్టలోకి మళ్ళించడం ఆమెకి అలవాటు. అన్నయ్య కంగారుపడకూడదని ఇక్కడా అదే చేసింది. ఇప్పుడు ఆ మళ్ళింపు తీసేసి మళ్ళీ నడిపింది. ఎర్రగా ఒక వాక్యం పడింది. ఇరవై నంబరు దగ్గర కీబోర్డు లేదు.

"దొరికింది" అంది ఆమె. గొంతులో అప్పుడే ఉత్సాహం. "కంప్యూటర్ తగిలించినవాళ్ళకి వరసగా నంబర్లిస్తుంది. పోయిన ఆదివారం కీబోర్డుకి ఇరవై ఇచ్చింది. చీటీలో ఇరవై అనే రాశాను. ఇవాళ స్పీకరు ముందు తగిలించాను, ఆ చోటు అది పట్టుకుంది. కీబోర్డు ఇరవై నాలుక్కి జరిగింది."

"అంటే కొలతలు పక్కింటాయనవి తీసుకున్నావు" అన్నాడు మాస్టరు.

"పక్కింట్లో మనిషే లేడు. ఇక నంబరు అడగను, పేరు చెప్పి వెతికిస్తాను. ఎక్కడ కూచున్నా దొరుకుతుంది."

చీటీలో ఒక్క వరస మార్చింది. ఎనిమిది దాటి ఇరవై నిమిషాలు. మాస్టరు చెయ్యి గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూచున్నాడు. వదిన గడియారం చూడకుండా ఉండటానికి గోడ వైపు వీపు పెట్టి నిలబడింది. ఎనిమిది యాభైకి మాస్టరు చెయ్యి తుడుచుకున్నాడు.

ఈసారి ఫైలు పేరు తెర మీద పడింది. ఎర్ర వాక్యం ఏదీ లేదు. మాస్టరు రెండోసారి వాయించాడు. మొదటిసారంత తేలిగ్గా లేదు. పరుగు వరసలో రెండు చోట్ల తడబడ్డాడు, మళ్ళీ అందుకున్నాడు. బస్సు కదిలింది. ఆపరేటరమ్మ ఎంటర్ నొక్కింది.

నిశ్శబ్దం.

ఫోల్డరు తెరిచింది. ఫైలు ఉంది. పరిమాణం సున్నా.

మాస్టరు కుడి చేతిని చూపుడువేలి దగ్గర ఎడమ చేత్తో గిల్లి చూసుకున్నాడు. "తెలీడం లేదు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

తొమ్మిదీ పది. ఆపరేటరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఆఫీసులో ఎడిషన్ టైమ్‌కి ఆమెకి చెవులు చల్లబడేవి. ఇప్పుడూ చెవులు చల్లబడ్డాయి.

"అన్నయ్యా, ఆ చిటికెనవేలితో ఒక్క మెట్టు నొక్కు."

నొక్కాడు. తెర మీద ఒక వరస పడింది. ఏ మెట్టు, ఎంత బలం. వేలు తీయగానే ఇంకో వరస.

"అంటే వైరు బావుంది, కీబోర్డు బావుంది, కొలత ఇక్కడిదాకా వస్తోంది. రాసుకునేవాడి దగ్గరే ఎక్కడో పోతోంది." డిస్కులో చోటుందా చూసింది, ఉంది. ఫోల్డర్లో రాయడానికి అనుమతి ఉందా చూసింది, ఉంది. అప్పుడు చీటీ పక్కన పెట్టి, రికార్డు చేసే ఆదేశం ఒక్కటే చేత్తో కొట్టింది. మాస్టరు చిటికెనవేలితో రెండు మెట్లు నొక్కాడు. ఆమె కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపింది. ఫైలు చూసింది.

నూట ఇరవై బైట్లు.

"వచ్చింది" అంది. వినిపించింది. ఎవరి వేలూ తాకకుండా కీబోర్డు రెండు స్వరాలు పలికింది. వదిన ఉలిక్కిపడి తలుపు పట్టుకుంది.

"చేత్తో చేస్తే వస్తోంది, చీటీతో చేస్తే రావడం లేదు" అంది ఆపరేటరమ్మ. కళ్ళు మెరుస్తున్నాయి. భయం ఎప్పుడు పోయిందో ఆమెకి తెలీదు. తప్పు ఇప్పుడు పన్నెండు వరసల మధ్య ఇరుక్కుని ఉంది, ఎక్కడికీ పోలేదు. "వదినా, ఇలా రా. కూచో. చదువు."

"నాకేం తెలుసు దీని గురించి?"

"తెలీకపోవడమే కావాలి. నాకు తెలుసు కాబట్టి నా కళ్ళు దాటేస్తున్నాయి. ఆఫీసులో ప్రూఫు ఇట్లాగే చూసేవాళ్ళం. ఒకరు చదవాలి, కామాతో సహా. ఇంకొకరు కళ్ళు మూసుకుని వినాలి. ఉన్నది ఉన్నట్టు చదువు."

వదిన కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని కూచుంది. అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టింది. "మొదట గళ్ళ గుర్తు. తర్వాత ఆశ్చర్యార్థకం. ఎందుకు ఆశ్చర్యం?"

"అది అట్లాగే ఉండాలి. తర్వాత?"

చదివింది. డాలరు గుర్తులు, ఏటవాలు గీతలు, కొక్కేలు. మాస్టరు నీళ్ళ గిన్నెలోంచి "కళ్ళజోడు మార్చమంటే విన్నావా, ఇప్పుడు చూడు" అన్నాడు. "మీరు చెయ్యి నానబెట్టుకోండి, నోరు కాదు" అంది వదిన, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. ఆపరేటరమ్మ కళ్ళు మూసుకుని ప్రతిదానికీ తలూపుతోంది. పదో వరస.

"కె, ఐ, ఎల్, ఎల్. కాస్త ఎడం. అడ్డగీత. తొమ్మిది."

"ఊఁ. తర్వాత?"

"తర్వాతది తర్వాత చదువుతాను. ఈ తొమ్మిదేంటి వదినా? దేనికి తొమ్మిది?"

"అది రికార్డు చేసేవాణ్ణి ఆపడం. తొమ్మిదంటే ఉన్నపళంగా అని. అడక్కుండా ఆపెయ్యడం."

"అడక్కుండా అంటే? చేతిలో ఏ పనుందో చూడకుండానా?"

"చూడకుండానే."

"మరి ముడి?"

"ఏ ముడి?"

"కుట్టు చివర ముడి. నేను అంచు కుడుతుంటే మీ అన్నయ్య వచ్చి ఉన్నపళంగా గుడ్డ లాక్కుంటే ఏమవుతుంది? చివర ముడి వెయ్యలేదు కాబట్టి మొత్తం దారం జారిపోతుంది. కుట్టినదంతా ఊడి వస్తుంది. ఇదెక్కడ ముడి వేసుకుంటుంది?"

ఆపరేటరమ్మ కళ్ళు తెరిచింది. తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

రికార్డు చేసే ప్రోగ్రామ్ వాయిస్తున్నంతసేపూ కొలతలన్నీ తన జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. "ఇక చాలు" అని మర్యాదగా చెబితే అప్పుడు ఫైలు మీద రాసి, మూసి, వెళ్తుంది. కంట్రోల్, సి చెప్పేది ఆ మర్యాద మాటే. అందుకే చేత్తో చేసినప్పుడు వచ్చింది. మైనస్ తొమ్మిదికి మర్యాద లేదు. రాసే లోపలే మనిషి పోయాడు. మిగిలింది పేరు రాసిన ఖాళీ కాగితం. పత్రికాఫీసులో పేజీ ఎప్పుడూ డిస్కు మీదే ఉండేది, మోసేవాడికి చివర చేసుకోవాల్సిన పనంటూ ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తొమ్మిది వల్ల ఆమెకి నష్టం రాలేదు. అందుకే ఆదివారం ఇంట్లో కూచుని చీటీ రాస్తున్నప్పుడు ఆమె వేళ్ళు ఆమెని అడక్కుండానే ఆ అంకె కొట్టేశాయి.

"నీ ఆఫీసు బుద్ధి ఇక్కడా చూపించావన్నమాట" అన్నాడు మాస్టరు.

"చూపించాను. రెండుసార్లు నీ చెయ్యి నా మూలంగా పోయింది."

"సరే, ఇప్పుడేం చెయ్యాలో అది చెయ్యి."

తొమ్మిది తీసేసింది. దాని కింద ఇంకో మాట చేర్చింది, అవతలివాడు పని ముగించేదాకా ఆగమని. చీటీని మొదటినుంచి నడిపింది. మాస్టరు చిటికెనవేలితో మూడు మెట్లు. ఎంటర్. అర సెకను. ఫైలు. స్వరాలు. మళ్ళీ నడిపింది, మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది.

"వదినా, నిన్ను ఆఫీసులో పెట్టుకునుంటే పత్రిక ఇంకో పదేళ్ళు ముందుండేది."

"జీతం సంగతి తర్వాత. టైమెంత?"

పది కావస్తోంది. అప్పుడే మెట్ల మీద బరువైన అడుగులు. టైమ్‌కీపరు లోపలికి వచ్చాడు, చేతిలో ఫోను, జేబులో విజిలు. సెలవు రోజున కూడా ఆ విజిలు లేకుండా ఇంట్లోంచి కదలడు.

"మాస్టరూ, అయిందా? నేను తొమ్మిదిన్నరకి వస్తానన్నాను, ఇరవై ఆరు నిమిషాలు ఆలస్యం. అయినా మీ పని అయిపోయుండాలి."

"కాలేదు" అన్నాడు మాస్టరు.

టైమ్‌కీపరు బల్ల చుట్టూ చూశాడు. నీళ్ళ గిన్నె, తడి తువ్వాలు, ముగ్గురి ముఖాలు. గొంతు తగ్గించాడు. "చూడు గురూ, మనసులో పెట్టుకోకు. ఫోన్‌లో ముక్కలున్నాయి. పరుక్కి ఒకటి భలే కుదిరింది. నీ చెయ్యి ముఖ్యం."

"ఆ ముక్క విన్నాను. అది గుర్రం పరుగు. నీ నాటకంలో పరిగెత్తేది టిఫిన్ క్యారియర్ పట్టుకున్న గుమాస్తా."

"నిజమేననుకో. కానీ టాక్సీ పదకొండుకి. నీ వేళ్ళు చూస్తే..."

మాస్టరు కుడి చెయ్యి ఎత్తి మెట్ల మీద పెట్టాడు. చూపుడువేలూ నడిమివేలూ ఏ మెట్టు మీద ఉన్నాయో చూస్తేనే తెలుస్తోంది. మొదటి వరస నాలుగు అడుగులు వాయించాడు. వచ్చింది. పరుగు మొదలుపెట్టాడు. మూడో అడుగులో వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆగిపోయాడు.

"మొదటి మూడూ వాయిస్తా. అయిదోదీ వాయిస్తా. నాలుగోది ఈ చెయ్యి పరిగెత్తదు" అన్నాడు. ఏడాదిలో అతను ఎక్కువ కష్టపడింది ఆ నాలుగోదానికే.

ఆపరేటరమ్మ లేచి నిలబడింది. "పరిగెత్తకన్నయ్యా. నడువు."

"ఏంటి?"

"పరుగు వరస సగం వేగంలో వాయించు. ఇంకా నెమ్మదిగా అయినా ఫరవాలేదు. చూసి, చూసి వెయ్యి. నువ్వేగా చెప్పావు, ఇది చొక్కా కాదు, కొలతలని. వేగం అనేది ఫైల్లో ఒక అంకె మాత్రమే. అది నేను మారుస్తా. గొంతు సన్నం కాదు, స్వరం మారదు. పరుగు దానంతటదే వస్తుంది."

మాస్టరు ఆమె వైపు చూశాడు. టైమ్‌కీపరు ఆమె వైపు చూశాడు.

"నడిచి వెళ్ళినవాడికి పరుగు కుట్టి ఇస్తావా చెల్లెమ్మా?" అన్నాడు టైమ్‌కీపరు.

"ఇస్తాను."

"అయితే మా డిపో బస్సులన్నీ నీకు అప్పజెబుతా."

పది పన్నెండుకి మూడోసారి మొదలైంది. ఒక్కో వరసా విడిగా రికార్డు చేసింది, ప్రతిదాని తర్వాతా ఫైలు పరిమాణం పైకి చదివింది. ఆ అంకె చదివిన ప్రతిసారీ వదిన "ఊఁ" అంది, తూకం చూస్తున్నట్టు. ఎదురుచూపు వచ్చింది. డ్రైవరు వచ్చాడు. తగువు వచ్చింది. తగువులో మాస్టరు ఎడమ చెయ్యి మోతకి టైమ్‌కీపరు అనుకోకుండా డైలాగు అందుకున్నాడు, వదిన పెదాల మీద వేలు పెట్టి కసిరితే గోడకి ఆనుకున్నాడు.

నాలుగోది. మాస్టరు మెట్ల మీదికి వంగి, పిల్లలు అంకెలు దిద్దినట్టు ఒక్కో మెట్టూ వెతికి వాయించాడు. వినడానికి అది పరుగులా లేదు, ఎవరో మెట్లు దిగుతూ మోకాలు పట్టుకున్నట్టుంది. మూడు నిమిషాల వరసకి ఏడు నిమిషాలు పట్టింది. టైమ్‌కీపరు గడియారం చూశాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఆపరేటరమ్మ ఎంటర్ నొక్కింది. అంకె చదివింది. వెంటనే వేగం మార్చి వినిపించింది.

గుమాస్తా పరిగెత్తాడు.

టిఫిన్ క్యారియర్ ఊగుతూ, చెప్పు ఊడి మళ్ళీ తొడుక్కుంటూ, బస్సు వెనక పరిగెత్తాడు. ఒక్క వేలూ తడబడలేదు. టైమ్‌కీపరు చేతులు రెండూ గాల్లో ఆడిస్తూ గదంతా ఒక చుట్టు తిరిగాడు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టరు తన కుడి చేతి వైపు చూసుకున్నాడు, ఇప్పుడు విన్నది వాయించింది ఆ చెయ్యి కానట్టు.

"ఇంకొకటి" అన్నాడు.

అయిదో వరస మొదలయ్యేసరికి పది నలభై ఆరు. చూపుడువేలికి పూర్తిగా స్పర్శ లేదు. బస్సు కదిలే చోట ఒకే స్వరాల గుంపు మూడుసార్లు వస్తుంది. ప్రతిసారీ చివర ఒక మెట్టు కిందికి దిగాలి. మొదటిసారి దిగింది. రెండోసారి దిగింది. మూడోసారి వేలు పక్కన పడింది, స్వరం పైకెక్కింది. మాస్టరు భుజాలు బిగుసుకున్నాయి. కానీ ఆగలేదు, ఎక్కిన చోటినుంచే పట్టుకుని చివరిదాకా నడిపించి చెయ్యి ఎత్తేశాడు.

కింద టాక్సీ హారను మోగింది. ఆపరేటరమ్మ ఎంటర్ నొక్కి, తెర మీద అంకె పడేదాకా మిగతా ముగ్గురినీ కదలనివ్వలేదు.

"ఆరు వేల రెండు వందల చిల్లర" అంది.

"చివర తప్పు వాయించాను. ఇంకొక్కసారి" అన్నాడు మాస్టరు.

"ఇంకొక్కసారి లేదు, ఏమీ లేదు" అని వదిన అతని ఎడమ రెక్క పట్టుకుని లేపింది. "డాక్టరు మీ కోసం కత్తి పట్టుకుని నిలబడుంటాడు."

"ఆ స్వరం ఏదో నువ్వు తర్వాత చెబితే దిద్దుతానన్నయ్యా" అని మెట్ల మీదినుంచి అరిచింది ఆపరేటరమ్మ.

శనివారమంతా మాస్టరు మందుల మత్తులో ఉన్నాడు. ఏ స్వరం తప్పో అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు, అడిగితే "రేపు" అన్నాడు. ఆ రేపు నాటకం.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. కీబోర్డు వేదిక పక్కన ఉంది, దాని వెనక మనిషి లేడు. ఆపరేటరమ్మ తెర చాటున ల్యాప్‌టాప్‌తో కూచుని సంకేతం రాగానే ఒక్కో ఫైలూ వదిలింది. కండక్టరమ్మ గొంతు ఒక మెట్టు కిందే తేలింది. పాట మొత్తం ఒక మెట్టు దించారు, మాస్టరు వరస ఆమెతో పాటు దిగింది. పరుగు దగ్గర జనం మొదట నవ్వారు, తర్వాత చప్పట్లు కలిపారు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆఖరి వరసలో కూచున్న మాస్టరు ఎవరి వైపూ చూడలేదు. బస్సు కదిలే చోట మాత్రం మూడోసారికి ముందు కళ్ళు మూసుకున్నాడు. స్వరం పైకెక్కింది. ఎవరూ తల తిప్పలేదు.

అయిపోయాక మెట్ల మీద జనం. ముందు ఒకావిడ, ఎవరో, సంచీ భుజానికి తగిలించుకుని కూనిరాగం తీస్తూ దిగుతోంది. అది బస్సు కదిలే వరస. మాస్టరు ఆగిపోయాడు. వదినా ఆపరేటరమ్మా ఆగారు. ఆవిడ మొదటిసారి కిందికి దిగింది, రెండోసారి దిగింది, మూడోసారి హాయిగా పైకెక్కింది.

"దిద్దుతానన్నావుగా వదినా" అంది వదిన, నవ్వు ఆపుకుంటూ.

"ఫైలైతే దిద్దుతాను. ఆవిణ్ణి ఎట్లా దిద్దను?"

మాస్టరు ఈ మాటలు విన్నట్టు లేడు. కట్టు చెయ్యి గుండెలకి ఆనించుకుని ఆవిడ వెనకే గేటు దాకా నడిచాడు, మళ్ళీ పాడితే అక్కడ ఏం చేస్తుందో విందామని. ఆవిడ మళ్ళీ పాడింది. మళ్ళీ పైకే వెళ్ళింది.